డాక్టర్ హూ పాత ధారావాహిక, కొత్త ధారావాహిక: అసలు తేడా ఎక్కడుంది?

పాతటేపు

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక డాక్టర్ హూ గురించి మాట మొదలైనప్పుడల్లా పాతకాలాన్నీ కొత్తకాలాన్నీ డబ్బుతోనే తూచడం అలవాటైపోయింది. 1963 నుంచి 1989 వరకు బీబీసీ ప్రసారం చేసిన కథల్లో గోడలు ఊగేవనీ, రబ్బరు రాక్షసులు నవ్వు తెప్పించేవారనీ, 2005 నుంచి వేల్స్‌లో తీస్తున్నవి సినిమాకు తీసిపోకుండా ఉంటాయనీ చెప్పి చర్చను అక్కడితో ముగించేస్తారు. అది కంటికి కనిపించే తేడా మాత్రమే. కథ నడకను మార్చింది అది కాదని నా అభిప్రాయం.

అసలు తేడా కథకు దొరికిన వ్యవధిలో ఉంది. పాత పద్ధతిలో ఎపిసోడ్ నిడివి 25 నిమిషాలు, నాలుగో ఆరో ఎపిసోడ్లు కలిస్తే ఒక కథ. ప్రతి ఎపిసోడ్ ఏదో ఒక ఆపద అంచున ఆగిపోయేది, ప్రేక్షకుడు ఆ ఆపదను మనసులో పెట్టుకుని తర్వాతి ప్రసారం దాకా ఎదురుచూసేవాడు. 2005లో వచ్చిన పద్ధతిలో సుమారు 45 నిమిషాల్లోనే కొత్త లోకాన్ని పరిచయం చేసి, అక్కడి మనుషులను మనకు దగ్గర చేసి, చిక్కు వేసి, విప్పి, వీడ్కోలు కూడా చెప్పేయాలి.

1975 నాటి ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’ చూడండి. ఎదురైనవారినల్లా చంపే డాలెక్‌ల జాతిని పుట్టించిన డావ్రోస్‌ను, కాలంలో ప్రయాణించే కథానాయకుడు డాక్టర్ ఒక ప్రశ్న అడుగుతాడు: సమస్త జీవరాశినీ చంపగల సూక్ష్మజీవి నీ చేతిలో ఉంటే దాన్ని వదులుతావా? వదులుతానంటాడు డావ్రోస్. ఆరో భాగానికి వచ్చేసరికి అదే అధికారం డాక్టర్ చేతిలోకి వస్తుంది. రెండు వైర్లు కలిపితే చాలు, డాలెక్‌ల జాతి పుట్టుకముందే అంతమైపోతుంది. ఆయన కలపలేక ఆగిపోతాడు. ఆ ఆగడానికి అంత బరువు రావడానికి కారణం, అప్పటికి ఐదు భాగాలుగా ఆ గ్రహం మీది యుద్ధాన్నీ, అక్కడి మనుషుల నమ్మకాలనూ, డావ్రోస్ తర్కాన్నీ మనం చూస్తూ రావడమే. కొత్త ధారావాహికలో ఇలాంటి సందేహం వచ్చినప్పుడు దాన్ని ఒక ప్రసంగంతో తేల్చేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

సందేహి

పాతటేపు గారూ, మీరు చెప్పిన ఘట్టం గొప్పదే, అందులో వాదన లేదు. అయితే అదే కథ మధ్యలో, గుహలో ఒక పెద్ద ఆల్చిప్ప డాక్టర్ సహచరుడు హ్యారీ కాలు పట్టుకునే ఘట్టం కూడా ఉంది కదా. ఆ ఆల్చిప్పకు డావ్రోస్ తర్కంతో ఏ సంబంధమూ లేదు. ఆరు భాగాలు నింపాలి గనుక అది అక్కడికి వచ్చి కూర్చుంది. పాత కథల్లో పట్టుబడటం, తప్పించుకోవడం, నడవాల్లో పరుగెత్తడం, మళ్లీ పట్టుబడటం అనే వరుస ఎన్నిసార్లు వచ్చిందో మనందరికీ తెలుసు. 1969 నాటి ‘ది వార్ గేమ్స్’ పది భాగాల కథ. దాని మొదటి భాగమూ చివరి రెండు భాగాలూ అద్భుతంగా ఉంటాయి గాని, మధ్యలో వచ్చేదంతా అవసరమేనని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

మరో మాట. వారానికొకసారి, 25 నిమిషాలు అన్న నియమం కూడా పాతకాలమంతా ఒకేలా సాగలేదు. డాక్టర్ ముఖం మారినప్పుడల్లా కొత్త నటుడు వస్తాడు కదా, అలా పీటర్ డేవిసన్ వచ్చిన 1982లో శనివారాన్ని వదిలేసి వారానికి రెండు రోజులు ప్రసారం చేశారు. కాలిన్ బేకర్ నటించిన 1985 సీజన్‌లో ఎపిసోడ్లన్నీ 45 నిమిషాలవే. కాబట్టి 45 నిమిషాల కొలత 2005 నాటి ఆవిష్కరణ కాదు. 1985లో ఆ కొలతతో రాయడం చేతకాక తడబడ్డారు, 2005లో చేతనైంది, అంతే.

చేతనైతే ఏమవుతుందో 2007 నాటి ‘బ్లింక్’ చూస్తే తెలుస్తుంది. అందులో డాక్టర్ కనిపించేది కొద్ది నిమిషాలే, అందులోనూ ఎక్కువ భాగం ఒక డీవీడీలో రికార్డయిన మాటలుగానే. శాలీ స్పారో అనే అమ్మాయితో పరిచయం, రాతి దేవదూతల భయం, ఒక స్నేహితురాలు గతంలోకి వెళ్లిపోవడం, ఒక యువకుడు కొన్ని గంటల్లోనే వృద్ధుడై ఆసుపత్రి మంచం మీద ఎదురుకావడం, ఇవన్నీ ఒకే ఎపిసోడ్‌లో ఇమిడాయి. దానికి ఇంకో 55 నిమిషాలు కలిపితే బాగుపడేది ఏమిటి?

తలుపు అవతల

మీ ఇద్దరి వాదం నిడివి దగ్గరే ఆగిపోయింది. నా లెక్కలో పెద్ద తేడా డాక్టర్‌తో తిరిగే సహయాత్రికుల విషయంలో ఉంది.

1964 డిసెంబరులో డాక్టర్ తన మనవరాలు సుసాన్‌ను తన కాలనౌక టార్డిస్ బయటే ఉంచి తలుపు మూసేస్తాడు. ఆమె ప్రేమించిన యువకుడితో ఆమె జీవితం అక్కడే ఉందని ఆయనే నిర్ణయిస్తాడు, ఏదో ఒక రోజు తిరిగి వస్తానని మాట కూడా ఇస్తాడు. విలియం హార్ట్‌నెల్ పలికిన ఆ మాటలు ఇప్పటికీ వినసొంపుగానే ఉంటాయి. కాని ఆ తర్వాత సుసాన్ ఏమైంది? యుద్ధంలో నాశనమైన లండన్‌లో ఆ అమ్మాయి ఎలా బతికింది? ధారావాహిక ఆ ప్రశ్న అడగనే లేదు. 1983 నాటి ఇరవై ఏళ్ల ప్రత్యేక కథలో ఆమె తిరిగి కనిపించింది గాని ఆ తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1976లో సహయాత్రికురాలు సారా జేన్‌ను కూడా అలాగే దింపేశారు: డాక్టర్ సొంత గ్రహం గల్లిఫ్రే నుంచి పిలుపు వచ్చింది, మనుషులకు అక్కడికి ప్రవేశం లేదు, దిగిపో. దిగిన వీధి తన వీధి కాదని ఆమెకు అర్థమయ్యేసరికి టార్డిస్ వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్ల తర్వాత, 2006లో, ‘స్కూల్ రీయూనియన్’లో అదే ఎలిజబెత్ స్లేడెన్ అదే సారా జేన్‌గా వచ్చి డాక్టర్‌ను నిలదీసింది. మీరు చనిపోయారనుకున్నాను, ఎందుకు రాలేదు అని అడిగింది. క్రాయ్‌డన్‌లో దింపానని ఆయన అనుకున్న చోటు నిజానికి అబర్డీన్ అని కూడా చెప్పింది. నాకు సంబంధించినంతవరకు కొత్త ధారావాహిక తన ఉనికికి న్యాయం చేసుకున్నది ఆ ఒక్క ఎపిసోడ్‌తోనే. తలుపు అవతల మిగిలిపోయిన మనుషులకు కూడా ఒక జీవితం ఉందని, ఆ జీవితంలో ఖాళీ ఉందని గుర్తించడం పాత కథలకు తట్టలేదు.

పాతటేపు

తట్టలేదనడం అన్యాయం. చెప్పే తీరు వేరు, అంతే. 1973 నాటి ‘ది గ్రీన్ డెత్’ చివర సహయాత్రికురాలు జో గ్రాంట్ తన పెళ్లి నిశ్చయమైన సంగతి చెబుతుంది. అందరూ వేడుక చేసుకుంటూ ఉంటే మూడో డాక్టర్ తన గ్లాసు ఖాళీ చేసి, ఎవరికీ చెప్పకుండా బయటకు నడిచి, చీకట్లో ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లిపోతాడు. జాన్ పెర్ట్వీ ముఖం తప్ప అక్కడ వివరణ ఏదీ లేదు. 1982లో మరో సహయాత్రికుడు ఆడ్రిక్ చనిపోయినప్పుడు ఆ ఎపిసోడ్ ముగింపు అక్షరాలు సంగీతం లేకుండా నిశ్శబ్దంగా సాగాయి. 1984లో తన చుట్టూ ఇన్ని చావులు చూశాక ఇక ఇందులో ఆనందం లేదని చెప్పి సహయాత్రికురాలు టీగన్ తనంతట తానే వెళ్లిపోయింది.

2006 నాటి ‘డూమ్స్‌డే’ చివర సముద్రతీరంలో సహయాత్రికురాలు రోజ్ వీడ్కోలును వీటి పక్కన పెట్టండి. అక్కడ కన్నీళ్లు, సంగీతం, సగంలో తెగిపోయిన మాట అన్నీ కలిసి ప్రేక్షకుడు ఏడవవలసిన క్షణాన్ని వేలు పెట్టి చూపిస్తాయి. ఏడుపు వస్తుంది, నిజమే. కాని అది మనల్ని పనిగట్టుకుని ఏడిపించినట్టు ఉంటుంది.

తలుపు అవతల

ఆడ్రిక్ చనిపోయిన తర్వాతి కథ ‘టైమ్-ఫ్లైట్’ మొదట్లో ముగ్గురూ కాసేపు బాధపడి, ఆ వెంటనే విహారయాత్ర గురించి మాట్లాడుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. నిశ్శబ్దం గౌరవంగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన మతిమరుపు సంగతే నేను చెబుతున్నది.

శబ్దతరంగం

సంగీతం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. టైటిల్ పాటకు రాన్ గ్రెయినర్ రాసిన స్వరాలను 1963లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డీలియా డెర్బీషైర్ వినిపించిన తీరు ఇప్పటికీ ఈ ధారావాహికలో అన్నిటికంటే ఆధునికంగా ఉన్న అంశమని నా నమ్మకం. అప్పటికి మార్కెట్లో సింథసైజర్లు లేవు. ఒక్కో స్వరాన్ని టేపు మీద విడిగా తయారుచేసి, దాని వేగం మార్చి, ముక్కలు కత్తిరించి, అతికించి ఆ పాటను కట్టారు. తెర మీద ఆమె పేరు వేయడానికి 2013లో వచ్చిన యాభై ఏళ్ల ప్రత్యేక కథ దాకా ఆగవలసి వచ్చింది.

2005 నుంచి మర్రీ గోల్డ్ ఆర్కెస్ట్రా వచ్చింది. ఆయన బాణీలు నాకు ఇష్టమే, ముఖ్యంగా పదకొండో డాక్టర్ కోసం చేసినవి. కాని పాత కథల్లో వింత శబ్దం వినిపిస్తే అది ఆ గ్రహం శబ్దమో, యంత్రం శబ్దమో, సంగీతమో తెలిసేది కాదు. ఆ తెలియకపోవడంలోనే భయం ఉండేది. వయొలిన్లు మోగితే అవి వయొలిన్లని తెలిసిపోతుంది. పాతటేపు గారు ‘ఏడిపించడం’ అన్న దాంట్లో సగం నేరం రచయితలది కాదు, ఆర్కెస్ట్రాది.

పెరివేల్

మీరందరూ గీత 1989కీ 2005కీ మధ్య ఉందని ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. నన్నడిగితే ఆ గీత 1987లో పడింది.

సిల్వెస్టర్ మెకాయ్ డాక్టర్ అయ్యాక, ఆండ్రూ కార్ట్‌మెల్ స్క్రిప్ట్ ఎడిటర్‌గా ఉన్న మూడు సీజన్లను నిదానంగా చూడండి. ఏస్ అనే అమ్మాయి టార్డిస్‌లోకి ఎక్కింది కేవలం ‘అదేమిటి డాక్టర్’ అని అడగడానికి కాదు. ఆమెకు ఒక ఊరు ఉంది, తల్లితో గొడవ ఉంది, చిన్నప్పుడు తగలబెట్టిన ఒక పాడుబడ్డ ఇల్లు ఉంది. 1989 నాటి ‘ఘోస్ట్ లైట్’ ఆ ఇంట్లోకే ఆమెను తీసుకువెళ్తుంది. ‘ది కర్స్ ఆఫ్ ఫెన్రిక్’లో ఆమె రక్షించిన పసిపాప తన తల్లేనని బయటపడుతుంది. అదే ఏడాది డిసెంబరు 6న ముగిసిన ‘సర్వైవల్’ ఆమెను లండన్ శివార్లలోని పెరివేల్‌కు, ఆమె పాత స్నేహితుల దగ్గరకు తిరిగి తెస్తుంది. సహయాత్రికురాలి ఇల్లు, కుటుంబం, పాత గాయాలు కథకు కేంద్రం కావడం 2005లో ‘రోజ్’తో మొదలైందని అనుకునేవారు ఈ మూడు కథలూ చూసి మాట్లాడితే బాగుంటుంది. డాలెక్ మెట్లెక్కలేదన్న పరిహాసానికి కూడా 2005లో కాదు, 1988లోనే ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ది డాలెక్స్’ సమాధానం చెప్పింది. మొదటి భాగం చివర అది మెట్ల మీదుగా తేలుతూ పైకి వస్తుంది.

మరి ఆ సీజన్లను ఎందుకు తక్కువ మంది చూశారంటే, పోటీ ఛానెల్ ఐటీవీలో జనం విరగబడి చూసే ‘కొరొనేషన్ స్ట్రీట్’కు ఎదురుగా వాటిని ప్రసారం చేశారు. కథ మారుతోందన్న సంగతి గమనించడానికి ఎదురుగా ప్రేక్షకులు ఉండాలి కదా.

ఆ తర్వాతి పదహారేళ్లు ఖాళీ అనుకోవడం కూడా పొరపాటే. పాల్ మెగాన్ నటించిన 1996 టెలివిజన్ చిత్రం ఒక్కటే తెర మీద వచ్చింది గాని, నవలల్లో డాక్టర్ ప్రయాణం ఆగలేదు. పాల్ కార్నెల్ 1995లో ఏడో డాక్టర్‌తో రాసిన ‘హ్యూమన్ నేచర్’ నవలే 2007లో పదో డాక్టర్ కథగా తెరకెక్కింది. 2005లో ధారావాహికను తిరిగి తెచ్చిన రస్సెల్ టి డేవిస్ స్వయంగా 1996లో ఆ వరుసలో ఒక నవల రాశారు. కొత్త ధారావాహికను నిర్మించినవారు పాతదాని చివరి మూడేళ్లనూ, ఆ నవలలనూ చదువుకుని వచ్చినవారు. దాన్ని తెగిపోయిన గొలుసుగా చూడటం నాకు అర్థం కాదు.

సందేహి

పెరివేల్ గారి వాదన నాకు నచ్చింది, ఎనభై పాళ్లు ఒప్పుకుంటాను. మిగిలిన ఇరవై పాళ్లు డాక్టర్ అనే మనిషి గురించి.

1963 నాటి మొదటి కథలో డాక్టర్ గాయపడ్డ ఆదిమ మానవుణ్ణి వదిలించుకోవడానికి చేతిలోకి రాయి తీసుకుంటాడు, సహయాత్రికుడు ఇయాన్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతాడు. ఆయన గొప్పవాడు కాదు, సొంత లోకం నుంచి పారిపోయి వచ్చిన కోపిష్ఠి ముసలాయన. ఇయాన్ సైన్సు మాస్టారు, బార్బరా చరిత్ర టీచరు. నైతికంగా ఆయన కంటే వాళ్లే పెద్దవాళ్లు. 1969లో ఆయన సొంత జాతివారైన టైమ్ లార్డ్స్ ఆయనను విచారించి భూమి మీదికి బహిష్కరించినప్పుడు కూడా ఆయన ఒక తప్పించుకు తిరిగే ముద్దాయి మాత్రమే. కొత్త ధారావాహికలోకి వచ్చేసరికి కాలయుద్ధాన్ని ముగించినవాడు, తన జాతిలో చివరివాడు, పేరు వింటేనే సైన్యాలు వెనక్కి తగ్గేవాడు అయిపోయాడు. 2010లో స్టోన్‌హెంజ్ దగ్గర ఆకాశంలో మోహరించిన నౌకలన్నిటికీ ఆయన సవాలు విసిరే ఘట్టం చూస్తున్నంతసేపూ ఉత్సాహంగా ఉంటుంది. ఆ తర్వాత ఆలోచిస్తే, ఇంత పెద్దవాణ్ణి చిన్న చిక్కులో ఎలా పెట్టాలో రచయితలకే తెలియకుండా పోయిందనిపిస్తుంది.

డాక్టర్ చేతి పరికరం సోనిక్ స్క్రూడ్రైవర్‌దీ అదే కథ. అది 1968లో వచ్చింది. తాళాలు మరీ సులువుగా తెరుచుకుంటున్నాయని 1982లో నిర్మాత జాన్ నేథన్-టర్నర్ దాన్ని పగలగొట్టించారు. 2005లో తిరిగొచ్చి తాళం తీయడం, రోగం కనిపెట్టడం, సంకేతాలు పంపడం దాకా అన్నీ చేసేస్తోంది. ఇందులో మాత్రం నేను పాతటేపు గారి పక్షమే.

కాలరేఖ

డాక్టర్ శక్తి గురించి మాట్లాడాలంటే చరిత్ర కథలను పోల్చడమే సరైన దారి, ఎందుకంటే గడిచిపోయినదాన్ని మార్చవచ్చా అన్న ప్రశ్న ఒక్కటే 1964 నుంచి ఇప్పటివరకు మారకుండా ఉంది.

‘ది ఆజ్టెక్స్’లో ఆజ్టెక్ జనం బార్బరాను దేవతగా భావిస్తారు. ఆ హోదాతో ఆమె నరబలిని మాన్పించాలని చూస్తుంది. చరిత్రలో ఒక్క గీతనైనా చెరపలేవని డాక్టర్ వారిస్తాడు. ఆమె ఓడిపోతుంది. ఆమె మాటలు నమ్మిన ఒకే ఒక్క పూజారి తన హోదానూ నమ్మకాన్నీ వదులుకుని ఒంటరిగా వెళ్లిపోతాడు, నరబలిని సమర్థించినవాడు గెలుస్తాడు. పిల్లలు కూడా చూసే కార్యక్రమంలో అంత చేదు ముగింపు పెట్టడానికి చాలా ధైర్యం కావాలి. అలాంటి, గ్రహాంతరవాసులు లేని చరిత్ర కథలను 1967 మొదట్లో ముగిసిన ‘ది హైలాండర్స్’తో దాదాపు వదిలేశారు, 1982 నాటి ‘బ్లాక్ ఆర్కిడ్’ ఒక్కటే మినహాయింపు.

2008లో ‘ది ఫైర్స్ ఆఫ్ పాంపే’ అదే ప్రశ్నను మళ్లీ ఎత్తింది. అగ్నిపర్వతం పేలవలసిందే, జనం చనిపోవలసిందే. సహయాత్రికురాలు డోనా ఏడుస్తూ కనీసం ఒక్కరినైనా కాపాడమని వేడుకుంటుంది, డాక్టర్ వెనక్కి వచ్చి ఒక కుటుంబాన్ని తీసుకువెళ్తాడు. ఇక్కడ కొత్త ధారావాహిక బార్బరా ఓటమికి ఒక చిన్న ఊరట కలిపింది. 2009లో ‘ది వాటర్స్ ఆఫ్ మార్స్’ ఆ ఊరటనే అనుమానించింది. కాల నియమాలు ఇక తన మాట వింటాయని విర్రవీగి డాక్టర్ కాపాడిన స్త్రీ, ఆ అహంకారాన్ని చూసి తన ప్రాణం తానే తీసుకుంటుంది. ఈ మూడు కథలనూ వరుసగా చూస్తే, నలభై అయిదేళ్ల ఎడంలో ఒకే వాదనను ముగ్గురు కొనసాగించినట్టు ఉంటుంది.

ఇక 2018లో వచ్చిన ‘డిమన్స్ ఆఫ్ ది పంజాబ్’ నాకు మరీ ఇష్టం. వినయ్ పటేల్ రాసిన ఆ కథ 1947 ఆగస్టులో, దేశవిభజన రోజుల్లో, పంజాబ్‌లోని ఒక పొలం మీద జరుగుతుంది. హిందువైన ప్రేమ్‌కూ ముస్లిమైన ఉంబ్రీన్‌కూ, అప్పటికి స్త్రీ రూపంలో ఉన్న డాక్టరే దగ్గరుండి పెళ్లి చేస్తుంది. హంతకులని మనం అనుమానించిన గ్రహాంతరవాసులు, ఎవరూ తోడు లేకుండా చనిపోయేవారి పక్కన సాక్షులుగా నిలబడటానికి వచ్చినవారని తేలుతుంది. ప్రేమ్ చావుకు కారకుడు అతని సొంత తమ్ముడు. డాక్టర్ చేయగలిగింది ఏమీ లేదు, వెనక్కి తిరిగి నడవడం తప్ప. ఇది కొత్త ధారావాహికలో ‘ది ఆజ్టెక్స్’కు అతి దగ్గరగా ఉన్న కథ. లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ 1963లో మొట్టమొదటి కథకు దర్శకత్వం వహించిన ధారావాహిక ఇది. ఆ ఉపఖండపు గాయం దగ్గరకు అది రావడానికి 55 ఏళ్లు పట్టింది.

గల్లిఫ్రే వాసి

చరిత్ర మార్చడం అన్న మాట వినగానే 2020 నాటి ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’ గుర్తుకొచ్చి మండిపోతుంది. మొదటి డాక్టర్ మొదటివాడే కాదట, అంతకుముందు లెక్కలేనన్ని జన్మలున్నాయట. హార్ట్‌నెల్ అనారోగ్యం వల్ల 1966లో ముఖం మార్చే ఉపాయం కనిపెట్టి, ఒక మామూలు దేశదిమ్మరి టైమ్ లార్డ్ కథగా సాగినదాన్ని, విశ్వంలోనే అరుదైన బిడ్డ కథగా మార్చేశారు. ఇది పాతకాలానికి చేసిన ద్రోహం.

పెరివేల్

ద్రోహం అనేముందు 1976 చూడండి. ‘ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’లో మానసిక యుద్ధం జరిగినప్పుడు హార్ట్‌నెల్ ముఖం తర్వాత ఇంకా కొన్ని అపరిచిత ముఖాలు తెర మీద కనిపిస్తాయి. అవి నిర్మాణ బృందంలోనివారి ఫొటోలే. డాక్టర్‌కు అంతకుముందు జన్మలున్నాయన్న సూచన అప్పటిదే. అదే ఏడాది వచ్చిన ‘ది డెడ్లీ అసాసిన్’ గల్లిఫ్రేను దేవతల లోకంలా కాకుండా, పదవుల కోసం కొట్టుకునే ముసలివాళ్ల సభలా చూపించి, ముఖం మార్చుకునే రీజనరేషన్లు పన్నెండే అని హద్దు గీసింది. అప్పటి అభిమాన సంఘం నుంచే దాని మీద తీవ్రమైన విమర్శ వచ్చింది, ఈ ధారావాహికలోని మాయను చంపేశారన్నారు. ఇప్పుడు ఆ కథే పాత వైభవానికి నమూనా అంటున్నాం. టైమ్ లార్డ్స్ అన్న పేరు 1969 దాకా లేదు, గల్లిఫ్రే అన్న పేరు 1973 దాకా లేదు. మీరు కాపాడాలంటున్న పునాదిని పాతవాళ్లు కూడా ఇల్లు కడుతూ కడుతూనే వేసుకున్నారు.

గల్లిఫ్రే వాసి

ముఖాలు చూపించి ఊరుకోవడం వేరు, గంటసేపు కూర్చోబెట్టి వివరించడం వేరు. 1976లో ఒక సందేహాన్ని గాలిలో వదిలారు, 2020లో దాన్ని పాఠంలా చెప్పారు. నాకు రహస్యం పోయిందన్న బాధ ఉంది. జన్మల సంఖ్య ఎంతైతే నాకేమిటి?

పాతటేపు

ఈ పోలికలో ఒక పక్క త్రాసులో సగం బరువు లేదన్న సంగతి మరిచిపోకూడదు. 1967 నుంచి 1978 వరకు బీబీసీ పాత టేపులను చెరిపి మళ్లీ వాడుకోవడం, ఫిలిం ప్రతులను పారేయడం వల్ల 1960ల నాటి ఎపిసోడ్లు తొంభైకి పైగా పోయాయి. అభిమానులు ప్రసార సమయంలో ఇంట్లో రికార్డు చేసుకున్న శబ్దం మాత్రం అన్నిటికీ మిగిలింది. రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్ ఎక్కువగా నష్టపోయారు. ముఖం మారిన డాక్టర్‌ను జనం మొదటిసారి ఎలా అంగీకరించారో చెప్పే ఆయన తొలి కథ ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ పూర్తిగా పోయింది, ఆ శబ్దానికి 2016లో యానిమేషన్ జోడించారు. 1990ల మొదట్లో హాంకాంగ్‌లో దొరికిన ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ చూసే మాట్ స్మిత్ తన డాక్టర్‌ను రూపొందించుకున్నానని చెప్పారు. 2013లో నైజీరియా నుంచి తొమ్మిది ఎపిసోడ్లు తిరిగివచ్చిన తర్వాత ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ మీద అభిమానుల అంచనా రాత్రికి రాత్రే మారిపోయింది. అంతకుముందు మిగిలిన ఒక్క ఎపిసోడ్ చూసి నీరసమైన కథ అనేవారు. ట్రౌటన్ నాయకుడిగా, ప్రతినాయకుడిగా రెండు పాత్రల్లో ఏం చేశారో చూశాక నోరు మూతపడింది.

తలుపు అవతల

లెక్కల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను: ఈమధ్య కాలం సంగతి ఎవరూ ఎత్తరేమిటి? మొదటి సీజన్‌లో 42 ఎపిసోడ్లు. 2005లో 13. డిస్నీ భాగస్వామ్యంతో వచ్చిన 2024, 2025 సీజన్లలో ఎనిమిదేసి. షూటీ గట్వా అంత సహజంగా నవ్వి, అంత సహజంగా ఏడ్చే నటుడు. ఆయన డాక్టర్ మామూలు రోజున ఎలా ఉంటాడో తెలిసేలోపే 2025 మే 31న బిల్లీ పైపర్ ముఖంలోకి మారిపోయాడు. ‘73 యార్డ్స్’, ‘డాట్ అండ్ బబుల్’ మంచి కథలే గాని ఆ రెండింటిలోనూ డాక్టర్ దాదాపు లేడు. 26 వారాలు టామ్ బేకర్‌తో గడిపిన ప్రేక్షకుడికీ, ఎనిమిది వారాల్లో అన్నీ మహా సంఘటనలే చూసిన ప్రేక్షకుడికీ డాక్టర్‌తో ఏర్పడే చనువు ఒకటి కాదు. పాతటేపు గారు మొదట చెప్పిన వ్యవధి వాదన కథకు కంటే దీనికే ఎక్కువ వర్తిస్తుంది.

కొత్తప్రయాణికుడు

ఇక్కడి పెద్దలకు నమస్కారం. నేను 2005 నుంచి వచ్చినవన్నీ చూశాను, పాతవి ఒక్కటీ చూడలేదు. రెండు కాలాలకూ మధ్య తేడా నాకు నేనుగా తెలుసుకోవాలంటే ఏ కథతో మొదలుపెట్టమంటారు? మొదటి నుంచి వరుసగా చూడాలా?

సందేహి

వరుసగా వద్దు. 1984 నాటి ‘ది కేవ్స్ ఆఫ్ ఆండ్రొజానీ’తో మొదలుపెట్టండి, నాలుగే భాగాలు. దర్శకుడు గ్రేమ్ హార్పర్ కొత్త ధారావాహికకు కూడా పనిచేశారు కాబట్టి ఆ వేగం మీకు కొత్తగా అనిపించదు.

కాలరేఖ

నా సలహా వేరు. 1964 ఫిబ్రవరిలో వచ్చిన రెండు భాగాల ‘ది ఎడ్జ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ చూసి, వెంటనే 2008 నాటి ‘మిడ్‌నైట్’ మళ్లీ చూడండి. మొదటిదాన్ని టార్డిస్ సెట్టులోనే, నలుగురు ప్రధాన పాత్రధారులతోనే తీశారు. రెండోది కూడా దాదాపు అంతా ఒకే బండి లోపల, రాక్షసుడు కంటికి కనిపించకుండా, మాటలతోనే నడుస్తుంది. 1964లో అనుమానం ముదిరి డాక్టర్ ఇద్దరు టీచర్లను నౌక నుంచి బయటికి గెంటేస్తానంటాడు. 2008లో అదే అనుమానంతో ప్రయాణికులు డాక్టర్‌ను బయటికి గెంటడానికి సిద్ధపడతారు.

సందేహి

1964 కథలో ఆ గొడవంతటికీ కారణం ఒక మీటలో ఇరుక్కుపోయిన చిన్న స్ప్రింగ్ అని కూడా చెప్పండి మరి, పాపం ఆయన సిద్ధపడి చూస్తారు.

కాలరేఖ

చెప్పవలసిందే. పాత కథ స్ప్రింగ్ అని కారణం చూపించి, బార్బరా దగ్గర డాక్టర్ చేత తల వంచించింది. కొత్త కథలో ఆ ప్రాణి ఏమిటో చివరిదాకా చెప్పరు, అందరికోసం చనిపోయిన ఆ ఉద్యోగిని పేరు కూడా బండిలో ఎవరికీ తెలియదు. ఏది మీకు ఎక్కువ గుర్తుండిపోయిందో చూశాక ఇక్కడ రాయండి.